గుండీల త్రాసు

అక్క సంచి నేనే సర్దాను. జూన్ ఇరవై ఆరు, పొద్దున. కటింగ్ బల్ల మీది గుడ్డముక్కలన్నీ ఓ పక్కకి నెట్టి, సంచి నోరు తెరిచి, ఒక్కొక్కటే అక్కకి చూపించి లోపల పెట్టాను. ముందువైపు గుండీలున్న గౌన్లు మూడు. తువాళ్ళు రెండు. దువ్వెన, కళ్ళజోడు. ఆసుపత్రి కాగితాలు ప్లాస్టిక్ కవరులో. అన్నిటికంటే పైన, పాత చొక్కాగుడ్డలో చుట్టి, మా కొట్లో గుండీలు తూచే చిన్న త్రాసు.

"అదెందుకే?" అంది అక్క కుర్చీలోంచి. "నేనేమైనా అక్కడ కోట్లు కుడతానా?"

"వాళ్ళు ఎంత పెడతారో ఏమో. తూచుకోవాలి కదా."

"తూచు. నన్ను కూడా ఆ పళ్ళెంలో కూర్చోబెట్టి తూచు, పంతులమ్మా. ఇప్పుడైతే పడతాను."

అని నవ్వింది. నవ్వినప్పుడు మెడ కింద చర్మం ఊగింది. అంతకుముందు అక్కడ చర్మం ఊగడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు సంచులంటే భయం. మా నాన్న ఓ సంచి పట్టుకుని పనికి వెళ్ళాడు. మా ఆయన ఓ సంచి పట్టుకుని వాళ్ళ అన్నని చూసొస్తానని వెళ్ళాడు. అందుకని సంచి సర్దేటప్పుడు లోపలివన్నీ మూడుసార్లు లెక్కపెడతాను. అలా లెక్కపెడితే మనిషి తిరిగొస్తాడని ఎవరూ చెప్పలేదు, నాకు నేనే పెట్టుకున్న లెక్క. ఆ రోజు కూడా మూడుసార్లు లెక్కపెట్టాను. గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు పైకెక్కి చూసొచ్చాను.

ఆ గౌన్లు మూడూ ముందు రోజు నేనే బిగించాను. అక్క పదిన్నర కిలోలు తగ్గింది మరి, పాతవి వేలాడుతున్నాయి. నడుం దగ్గర అటు అరంగుళం, ఇటు అరంగుళం పట్టాను. చేతులు మాత్రం ఒక్కోటీ ఒకటిన్నర అంగుళం లోపలికి పట్టాల్సి వచ్చింది. మనిషి సన్నబడితే గుడ్డ ముందు నడుం దగ్గర వదులవుతుంది, చేతుల దగ్గర ఆఖరున. నలభై ఏళ్ళు యూనిఫారాలు కుట్టినదాన్ని, ఇది నాకు తెలుసు. మెషిను ఆపి మళ్ళీ టేపు పెట్టాను. మళ్ళీ అంతే వచ్చింది. దారం తెంపి రెండో చెయ్యి అందుకున్నాను.

మా కొట్టు కింద, ఇల్లు పైన, మధ్యలో పదహారు మెట్లు. కొట్లో అక్క కత్తిరించేది, నేను కుట్టేదాన్ని. స్కూళ్ళు తెరిచే ముందు రెండు నెలలూ మాకు ఊపిరాడేది కాదు. చొక్కాగుడ్డ ఎనిమిది మడతలు పరిచి, సుద్దగీత కూడా లేకుండా, ఒక్క ఊపులో చంక ఒంపు తిప్పేది అక్క. దానికి అక్షరం ముక్క రాదు. కొలతలు నేను చదివి చెబితే మనసులో పెట్టుకునేది, మళ్ళీ అడిగేది కాదు. నేనూ స్కూలుకి వెళ్ళలేదు. ముప్ఫై నాలుగో ఏట, గుడ్డ తానులకి చుట్టొచ్చే పాత పేపర్లు ముందేసుకుని, దారాలమ్మే ముసలాయన్ని ఒక్కో అక్షరం అడిగి నేర్చుకున్నాను. ఆ తర్వాత చేతికి చిక్కిందల్లా చదివాను. అందుకే అక్క నన్ను పంతులమ్మా అనేది. వెక్కిరింపుగానే అనేది, కానీ ఎవరైనా కాగితం తెస్తే మాత్రం, మా చెల్లికివ్వండి, అది చదువుతుంది అని గొంతు పెంచి చెప్పేది.

ఆ ఏడు అక్క మోకాళ్ళు పూర్తిగా పోయాయి. మెట్లు కూర్చుని దిగేది. ఎత్తు స్టూలు మీద కూర్చుని కత్తిరిస్తే గీత వంకర పోయి, ఒక స్కూలువాళ్ళు ముప్ఫై చొక్కాలు వెనక్కి పంపారు. ఆ చొక్కాలు విప్పుతున్నప్పుడు అక్క అన్నది ఒక్కటే మాట. వచ్చే ఏడు ఈ బల్ల దగ్గర నిలబడి కత్తిరించాలి, లేకపోతే కొట్టు మూసెయ్యి. దానికి కావలసింది అదే. నడకా కాదు, షికార్లూ కాదు. నిలబడడం.

ఎముకల డాక్టరు ఏప్రిల్లో చూశాడు. మోకాలు మార్చేద్దాం అన్నాడు. కానీ ఎనభై తొమ్మిది కిలోలు చాలా ఎక్కువ, పది తగ్గితే జూన్ ఇరవై ఏడున చేస్తాను, లేకపోతే ఈ ఏడాదికి ఖాళీ లేదు అన్నాడు. తిండి సంగతి చెప్పే మేడం వరండా చివరి గదిలో ఉంటుంది, వెళ్ళమన్నాడు.

ఆ మేడం చిన్నపిల్ల, జడలో పెన్ను గుచ్చుకుని ఉంది. బయట చాలామంది కూర్చున్నారు. గబగబా చెప్పుకుపోయింది. తిండి తగ్గిస్తే ఒంట్లో కొవ్వూ కరుగుతుంది, కండా కరుగుతుంది. కొవ్వు పోవాలి, కండ పోకూడదు. ఈ వయసులో పోయిన కండ తొందరగా రాదు. అందుకని అన్నం తగ్గించినా మాంసకృత్తులు తగ్గించకూడదు. రోజూ కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవాలి. ఇదంతా చెప్పి సొరుగు లాగింది. సొరుగులో రెండు కట్టలున్నాయి.

"బొమ్మలది ఇవ్వనా అమ్మా, అక్షరాలది ఇవ్వనా?"

నేను జవాబు చెప్పేలోగానే అక్క చెయ్యి చాపింది. మేడం బొమ్మలది ఒకటి దాని చేతిలో పెట్టింది. "బాగున్నాయే బొమ్మలు," అంది అక్క, కాగితం దూరంగా పెట్టి చూస్తూ.

నేను దాని చేతిలోంచి లాక్కుని వెనక్కిచ్చేశాను. మాకు చదవడం వచ్చమ్మా, అక్షరాలదే ఇవ్వండి అన్నాను. అన్న తీరు నాకింకా గుర్తుంది. బయటివాళ్ళకి కూడా వినబడాలని అన్నాను. మేడం కాస్త సిగ్గుపడినట్టయింది. ఇంకేదో చెప్పబోయి, సరేనమ్మా, అందులో అంతా ఉంది, చదువుకోండి అని తర్వాతి మనిషిని పిలిచింది.

కాగితంలో మొదటి వరస ఇది: మాంసకృత్తులు, రోజుకు డెబ్బై గ్రాములు. కింద గుడ్డు, చేప, కోడి, పప్పులు, శనగలు, పాలు, పెరుగు. దాని కింద అన్నం, రొట్టె, నూనె, తీపి తగ్గించండి అని. అంతే. అక్కకి మూడుసార్లు చదివి వినిపించాను. ఇందులో తెలియనిదేముంది అనుకున్నాను. ఈ పేర్లు రాసినవన్నీ కలిపి రోజుకి డెబ్బై గ్రాములు పెట్టాలి. డెబ్బై గ్రాములు ఎంతో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కోటు గుండీలు పెద్దవైతే ఇరవై ఎనిమిది.

త్రాసు కడిగి వంటింట్లో పెట్టాను. ఒక పళ్ళెంలో యాభై గ్రాముల రాయి, ఇరవై గ్రాముల రాయి. రెండో పళ్ళెంలో ఒలిచిన గుడ్డు. మిగిలిన చోటు పప్పుతో నింపేదాన్ని. చేప పెట్టిన రోజు మూడు వేళ్ళంత ముక్క, ఇంకేమీ లేదు. ముల్లు ఇటూ అటూ ఊగి నడిమధ్య నిలబడేదాకా చూసేదాన్ని. కడుపు నిండడానికి ఉడికించిన కాయగూరలు, ఆకుకూర నీళ్ళు, దోసకాయ ముక్కలు. రొట్టె ఒకటే, పొద్దున.

అక్క తిండి మనిషి. ఎవరింటికెళ్ళినా ముందు వంటింట్లోకి తొంగి చూసే రకం. మొదటివారం నవ్వులాటగానే ఉంది. చేప ముక్కని వేలితో కొలిచి, దీనికి రెండు గుండీ కాజాలు తీస్తే చేప అయిపోతుందే అంది. రెండో వారం ఒకరోజు గుడ్డు తిన్నాక పళ్ళెం చివర అంటిన పచ్చసొన వేలితో తీసుకుంది. అక్కడే కూర్చుని అడిగింది.

"ఇంకో గుడ్డు పెట్టవే."

"డెబ్బై అయిపోయిందక్కా."

"పెట్టకపోతే చస్తానా, పెడితే చస్తానా?"

"తేదీ పోతుంది," అన్నాను. కాగితం తెచ్చి ఆ వరస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను. అక్కకి చదవడం రాని కాగితం అది. నా వేలు కేసి చూసి, సరేలే అంది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే పెట్టేదాన్నేమో అని ఒకప్పుడు నాకు నేను చెప్పుకునేదాన్ని. పెట్టేదాన్ని కాదు.

వారానికోసారి వీధి చివర మందుల షాపుకి రిక్షాలో తీసుకెళ్ళేదాన్ని. అక్కడ బరువు చూసే మెషినుంది. కిలో తగ్గింది, కిలోన్నర తగ్గింది. మందులాయన కూడా ఎదురుచూసేవాడు. వచ్చి సుద్దతో కొట్టు గోడ మీద రాసేదాన్ని. ఎనభై ఏడు, ఎనభై అయిదున్నర, ఎనభై నాలుగు. గోడ చూస్తే నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది. నా చేత్తో తూచి, నా కళ్ళతో చదివి, మా అక్కని నేను నిలబెడుతున్నాను.

అక్క కూతురు ఆదివారాలు వచ్చేది. ఊరికి ఆ చివర బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని దానికి. అక్క కొట్లో ఉంటే నేనే దాన్ని ఎత్తుకు పెంచాను, నాకు పిల్లల్లేరు. ఇప్పటికీ దాన్ని పిల్ల అనే అంటాను, దానికి నలభై దాటినా. మే నెలలో ఒక ఆదివారం డబ్బా నిండా కోడి వండుకుని వచ్చింది. నేను అందులోంచి ముక్కలేరి త్రాసులో పెడుతుంటే చూసింది.

"ఇంతేనా పిన్నీ? మా కిటికీ దగ్గర పిచ్చుకలు ఇంతకంటే ఎక్కువ తింటాయి."

"కాగితంలో ఉన్నదే పెడుతున్నానమ్మా."

"ఏదీ, ఇలా ఇవ్వు," అని గోడకి గుచ్చిన కాగితం అందుకోబోయింది.

"మీ పిన్ని చదివింది లేవే," అంది అక్క. "చదివీ చదివీ అక్షరాలు అరిగిపోయాయి. నువ్వు కూర్చో."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. నా మాట తీసెయ్యడం ఇష్టం లేక తీసుకుంది. డబ్బాలో మిగిలిన కోడి తనే మూత పెట్టి మళ్ళీ పట్టుకెళ్ళింది.

మొదట్లో అక్క కుర్చీ చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చునేది, మోకాళ్ళు నొప్పెట్టినా పళ్ళు బిగించి. మే సగానికి అయిదయ్యాయి. జూన్ వచ్చేసరికి బల్ల అంచు పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది. ఎండలు అనుకున్నాం. మోకాలు ముదిరిందనుకున్నాం. తేదీ దగ్గరికొస్తోంది, మార్చేస్తారుగా అనుకున్నాం.

కత్తెర కూడా అంతే. ఎనిమిది మడతలు తెగడం లేదు, నాలుగు పరిచేది. ఆ నాలుగూ సగంలో ఆపి మణికట్టు రుద్దుకునేది. కత్తెర మొద్దుబారింది, సాన పట్టించుకురా అంది. తీసుకెళ్ళాను. సాన పట్టే ఆయన పాతికేళ్ళుగా ఆ కత్తెర ఎరుగున్నవాడు. బొటనవేలు అంచుకి ఆనించి చూసి, తడిగుడ్డ ముక్క ఒకటి చప్పుడు లేకుండా తెంపి, నాకు తిరిగిచ్చాడు. "దీనికేం కాలేదమ్మా. కత్తిరించే చెయ్యి మారిందా?" అన్నాడు.

సాన పట్టాడక్కా అని చెప్పి అక్కకి ఇచ్చాను.

జూన్ ఇరవై నాలుగున డాక్టరు బరువు చూశాడు. డెబ్బై ఎనిమిదిన్నర. అంతా కాగితం ప్రకారమే తిన్నారా అని అడిగాడు. తూచి పెట్టాను డాక్టరుగారూ, గ్రాము తేడా రానివ్వలేదు అన్నాను. ఇలా ఉండాలి అన్నాడు. పక్క కుర్చీలో కూర్చున్న లావుపాటి ఆయనకి అక్కని చూపించి, ఈవిడకి డెబ్బై ఒక్క ఏళ్ళు, చూసి నేర్చుకోండి అన్నాడు. రక్తం కాస్త తక్కువుంది, తర్వాత సరిచేద్దాం అన్నాడు. దారిలో అక్క నా చెయ్యి పట్టుకుని, పంతులమ్మా, గట్టిదానివే అంది. అప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మాట ఇప్పటికీ తీసి దాచుకోలేను, పారెయ్యలేను.

ఆపరేషను బాగానే జరిగింది. అది అందరూ అన్న మాట. మూడో రోజు నడిపించే ఆయన ఇనప చట్రం తెచ్చి మంచం పక్కన పెట్టాడు. మోకాలు వంచి చూసి, చక్కగా వంగుతోందమ్మా, లేవండి అన్నాడు. అక్క రెండు చేతులూ చట్రం మీద వేసింది. మోచేతులు వణికాయి. పిరుదులు పరుపు మీంచి బెత్తెడు లేచాయి, మళ్ళీ కూలబడింది. నాలుగుసార్లు అలాగే అయింది. ఆయన అక్క తొడ చుట్టూ చెయ్యి వేసి చూశాడు, జబ్బ పట్టుకుని చూశాడు. చట్రం గోడకి చేరేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం తిండి మేడం తనే పళ్ళెం తెప్పించింది. రెండు గుడ్లు, పెద్ద చేప ముక్క, గిన్నెడు పప్పు, పెరుగు, గ్లాసుడు పాలు. నేను సంచిలోంచి త్రాసు తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాను. రాళ్ళు పెట్టాను.

"ఇదేంటమ్మా?" అంది మేడం.

చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె జడలోని పెన్ను తీసి చేతిలో పట్టుకుంది, ఏమీ రాయలేదు. ఎన్నాళ్ళు ఇలా పెట్టారు అని అడిగింది. పదకొండు వారాలు అన్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"అమ్మా, డెబ్బై అన్నది గుడ్డు బరువు కాదు. గుడ్డు లోపల ఉండే మాంసకృత్తుల బరువు. ఒక గుడ్డులో ఆరే ఉంటాయి. మీరు తూచి పెట్టినదాంట్లో రోజుకి పది పదిహేను ఉండి ఉంటాయి."

నేను త్రాసు కేసి చూస్తున్నాను. ముల్లు ఇంకా ఊగుతోంది.

అక్క మాత్రం ఎదురుగోడ కేసి చూస్తోంది. అక్కడ బొమ్మల కాగితం అంటించి ఉంది. ఏప్రిల్లో దాని చేతిలోంచి నేను లాక్కున్నదే. రెండు గుడ్లు, గ్లాసు, గిన్నె, ఇంకో గిన్నె, అరచెయ్యి పక్కన అరచెయ్యంత చేప. పొద్దుకీ, మధ్యాహ్నానికీ, సాయంత్రానికీ మూడు వరసలు. పైన సూర్యుడి బొమ్మ.

"ఇదంతా ఒక్క మనిషికా అమ్మా?" అని అడిగింది అక్క. "ఒక్క రోజుకా?"

"అవునమ్మా."

"మూడు రోజుల్నించి చూస్తున్నాను. వార్డు మొత్తానికేమో అనుకున్నా."

మేడం వెళ్ళాక అక్క గుడ్డు తీసుకుంది. చాలాసేపు నమిలింది. రెండోది చేతిలో పట్టుకుని కూర్చుంది. అప్పుడు అడిగితే నేను పెట్టని గుడ్డు. కొరికింది, మింగలేక తీసి పళ్ళెంలో పెట్టింది. నేనేమన్నానో నాకు గుర్తులేదు, ఏదో అన్నాను. అది వినలేదు.

"పిల్లకి చెప్పకు," అంది.

"అక్కా."

"తర్వాత దానికి నువ్వే ఉండాలి. నీకు అది ఉండాలి. చెప్పకు. ఆ త్రాసు లోపల పెట్టు, అందరూ చూస్తున్నారు."

నాలుగు రోజులకి జ్వరం వచ్చింది. పడుకునే ఉండడంవల్ల ఛాతీలో చేరిందన్నారు. లోపలున్నది దగ్గి బయటికి తెచ్చుకోమన్నారు. అక్క దగ్గబోయి ఆగిపోయేది, పిల్లి పొడిగా తుమ్మినట్టు చిన్న చప్పుడు. దగ్గడానికి కూడా కండ కావాలమ్మా అన్నాడు డాక్టరు, ఎవరినీ తప్పుపట్టకుండా, మామూలుగా. తిండివల్లే ఇలా అయిందా అని అడిగాను. వయసుంది, ఆపరేషనుంది, ఇదీ అని చెప్పలేం అన్నాడు. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

సంచి ఇంటికి నేనే తెచ్చాను. సర్దినవన్నీ ఉన్నాయి, మూడుసార్లు లెక్కపెట్టాను.

ఆగస్టులో పిల్ల అక్క బట్టలు సర్దడానికి వచ్చింది. కటింగ్ బల్ల మీదే వేసుకుని మడతపెడుతోంది. ఒక గౌను గుర్తుగా ఉంచుకుంటానని తొడుక్కోబోయింది. చెయ్యి సగంలో ఇరుక్కుంది.

"ఇంత సన్నం చేశావేంటి పిన్నీ చేతులు? అమ్మ జబ్బలు నాకంటే లావు కదా."

కుట్లు నావి. చెప్పకూడదని అక్క అన్నది. యాభై రోజులు నోరు కట్టుకున్నాను. ఆ గౌను దాని మోచేతి దగ్గర ఇరుక్కుని ఉండగా చెప్పేశాను. రెండు కట్టలున్న సొరుగూ, లాక్కున్న కాగితమూ, త్రాసూ, గుడ్డూ, సాన పట్టే ఆయన అన్నదీ, గోడ మీది బొమ్మలూ, అన్నీ. చెబితే బరువు దిగుతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే అందుకే చెప్పాను. దాని కోసం కాదు.

పిల్ల గౌను మెల్లగా లాగి తీసి, చేతులు లోపలికి మడిచి పెట్టింది. గోడ మీద నా సుద్ద అంకెలు అలాగే ఉన్నాయి. వాటిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆ ఆదివారం నేను కాగితం అందుకోబోయాను పిన్నీ," అంది.

అంతే అన్నది. వాళ్ళమ్మ కత్తెర తీసుకుంది. గౌన్లు వదిలేసింది. ఆ రోజు తెచ్చి వంటింట్లో పెట్టిన తన డబ్బా కోసం పైకెక్కింది. దిగుతుంటే మెట్లు లెక్కపెట్టాను, పదహారూ వినబడ్డాయి. టీ తాగి వెళ్ళమని అడగాలనుకున్నాను, అప్పటికి వీధి తలుపు మూసుకుంది.

కొట్టు ఆ ఏడే మూసేశాను. త్రాసు మాత్రం ఉంది. చదవడం మానలేదు. మానితే ఇంకేమీ లేదు.

అక్క జూలై పన్నెండున, మధ్యాహ్నం రెండున్నరకి, ఆసుపత్రిలో పోయింది. పిల్ల ఆగస్టు పంతొమ్మిదిన వెళ్ళింది. ఆ తర్వాత పదకొండేళ్ళయింది, మళ్ళీ రాలేదు.